పక్కింటి ప్రింటర్లో షెకైనా

"మేడమ్, మా ప్రింటర్లోనుంచి మీరొచ్చినారు."

షెకైనా అప్పుడు ఓ డాక్టరుగారింట్లో టేబుల్ కింద దూరి, దుమ్ములో చిక్కుపడ్డ వైర్లు విడదీస్తోంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరుక్కుని ఉంది. బళ్లారి సత్యనారాయణపేటలో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేయడం ఆమె పని. ఈ నాలుగేళ్లలో రకరకాల కంప్లైంట్లు విన్నది కానీ ఇలాంటిది ఎప్పుడూ వినలేదు.

"ఎవురొచ్చినారు సార్? సరిగ్గా చెప్పండి. పేపర్ జామ్ అయిందా?"

"జామ్ ఏం కాలేదు మేడమ్. చక్కగా వచ్చినారు. ఫోటోతో సహా. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు..."

షెకైనా తల టేబుల్‌కు ఠంగున కొట్టుకుంది.

"ఏయ్! ఎవురు నువ్వు? యాడుండావు?"

అతను అడ్రస్ చెప్పాడు. ఆమెకు ఇంకా అయోమయం పెరిగింది. ఆ ఇంటికీ తమ ఇంటికీ నడుమ ఒకే గోడ.

అరగంటలో ఆ ఇంటి ముందు స్కూటర్ ఆపింది. సన్నగా వాన పడుతోంది. తలుపు తీసినవాడికి ఇరవైఎనిమిదేళ్లుంటాయి. చేతిలో ఎర్ర పెన్ను, ఇంకో చేతిలో ఆమె పెళ్లి బయోడేటా.

"వందనాలు మేడమ్. నా పేరు యేసుబాబు. ఈడ స్కూల్లో తెలుగు టీచర్ని. మూడు వారాలైంది ఈ ఇంట్లో దిగి."

"వందనాలు తర్వాత. నా కాగితం నీకెట్లా వచ్చె? మా లాప్‌టాప్ హ్యాక్ చేసినావా?"

"హ్యాకా? నాకు ప్రింటర్ ఆన్ చేసేదే సరిగ్గా రాదు మేడమ్. పొద్దున చాయ్ తాగుతాంటే అదే గర్రుమని తిరిగె, మీరొచ్చిరి. పిలవకుండానే వస్తిరి, నేనేం చేయాల?"

అతని కళ్లలో నిజంగానే తికమక ఉంది. షెకైనా అనుమానంగానే లోపలికి వెళ్లి ప్రింటర్ చూసింది. చూడగానే సంగతి అర్థమైంది. తమ ఇంట్లోదీ, ఇదీ ఒకే కంపెనీ, ఒకే మోడల్. పొద్దున నాన్న ఆమె లాప్‌టాప్‌లో ప్రింట్ కొడుతూ, జాబితాలో ఒకే పేరుతో రెండు ప్రింటర్లు కనిపిస్తే పైదాన్ని నొక్కి ఉంటాడు.

"చూడండి సార్," అంది. కోపం తగ్గేసరికి మర్యాద తిరిగొచ్చింది. "ఈ ప్రింటర్ సొంతంగా ఒక వైఫై పెట్టుకుంటాది. మీరు దానికి పాస్‌వర్డ్ పెట్టలేదు. తలుపు తెరిచిపెట్టి పండుకున్నట్ల. వీధిలో ఎవురైనా మీ ఇంట్లో ప్రింట్ కొట్టొచ్చు."

"మీరు కొట్టినట్ల."

"నేను కొట్టలేదు! మా డాడీ కొట్టినాడు. ఆ కాగితం ఇయ్యండి ఫస్టు."

కాగితం చేతికొచ్చాక చూసి ఆమె నోరు తెరిచింది. దాని నిండా ఎర్ర గీతలు.

"దిద్దినారా?!"

"అలవాటు మేడమ్," అన్నాడు యేసుబాబు చెవులు ఎర్రబడుతుండగా. "వంటలో 'ఆశక్తి' కలదు అని ఉండె. ఆసక్తి అనాల. ఆశక్తి అంటే శక్తి లేదని అర్థమొచ్చేట్ల ఉంటాది. పెళ్లివాళ్లు భయపడతారని..."

నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. కిందికి చదువుకుంటూ పోయింది. ఆఖరి వరుస దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి.

'వివాహానంతరం ఉద్యోగం మానుటకు అమ్మాయికి సమ్మతమే.'

ఆ వరుస కింద తప్పు దిద్దిన గీత లేదు. పక్కన చిన్న ప్రశ్నార్థకం మాత్రం ఉంది.

"దీనికి క్వశ్చన్ మార్క్ ఎందుకు పెట్టినారు?"

"పైన 'స్వంత సర్వీసింగ్, నాలుగేండ్ల అనుభవం' అని గొప్పగా రాసి, కింద ఇట్ల రాసినారు. రెండూ ఒకరే చెప్పినట్ల నాకు అనిపించలేదు మేడమ్. తప్పైతే సారీ."

తప్పు కాదు. కానీ ఆ మాట పరాయివాడికి ఎలా చెబుతుంది? మాట మార్చడానికి గబగబా ప్రింటర్‌కు పాస్‌వర్డ్ పెట్టమంది.

"మీ పేరు వద్దు, పుట్టినరోజు వద్దు, ఒకటి రెండు మూడు నాలుగు అసలే వద్దు. పొడుగ్గా ఉండాల, మీకు తప్ప ఎవరికీ తట్టకూడదు."

అతను కాసేపు ఆలోచించి టైప్ చేశాడు. ఆమె తెరపైకి తొంగిచూసింది.

"భరనభభరవ... ఇదేం తిట్టా?"

"ఉత్పలమాల గణాలు మేడమ్! జన్మలో మర్చిపోను."

"చూసినా కదా, ఇంక నాకూ తెలుసు. నేను పోయినాక చంపకమాలో ఇంకోటో పెట్టుకోండి."

ఇంకో పని కూడా ఉందన్నాడు. నాట్ల కాలంలో బడికి రాలేని పిల్లలకు పాఠాలు రికార్డు చేసి పంపుతాడట. నాలుగు రోజులుగా కంప్యూటర్‌లో మాట వినబడటం లేదు. షెకైనా సెట్టింగుల్లోకి వెళ్లి నిట్టూర్చింది.

"సౌండ్ అంతా మానిటర్‌కు పోతాండాది. మానిటర్‌కు నోరు లేదు కదా, అది యాడ మాట్లాడల్ల?"

సౌండ్‌ను అతని టేబుల్ మీదున్న బ్లూటూత్ స్పీకర్ వైపు మళ్లించింది. స్పీకర్ మంచిదా కాదా అని ముందు తన లాప్‌టాప్ కలిపి ఒక పాట పెట్టి చూసింది. బాగానే మోగింది. సంచీ సర్దుకుని బయటికొచ్చింది. వాన పెద్దదైనా ఆమెకు తెలియలేదు. మనసులో ఆ ఒక్క వరుసే తిరుగుతోంది.

ఇంట్లో నాన్న జీవానందం ముందు కాగితం పెట్టింది. ఆయన రైల్వేలో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు.

"నాకు సమ్మతమని ఎవరు చెప్పినారు డాడీ?"

"హోస్పేట వాళ్లు అడిగినారమ్మా. ఆడపిల్ల ఇల్లిల్లూ తిరిగి వైర్లు పట్టుకునేది బాగుండదంట. మంచి కుటుంబం. వచ్చే ఆదివారం వస్తాండారు."

"నన్ను అడిగింటే?"

"అడిగితే వద్దంటావని తెల్సు కదా," అన్నాడాయన తల తిప్పుకుని.

తల్లి ఎలిజబెత్ బియ్యం ఏరుతూ ఇద్దరినీ చూసింది.

ఆ వారం యేసుబాబు ఇంటినుంచి మూడు కాల్స్ వచ్చాయి. మొదటిసారి అక్షరాలు పడటం లేదని. వెళ్లి చూస్తే కొత్త కాట్రిడ్జ్‌కున్న పసుపుపచ్చ టేపు తీయనేలేదు. రెండోసారి మైకు పనిచేయడం లేదని. మైకుకున్న మ్యూట్ బటన్ నొక్కి ఉంది. మూడోసారి పాస్‌వర్డ్ మర్చిపోయానని.

"గణాలు జన్మలో మర్చిపోనంటిరి? చంపకమాల పెట్టలేదా?"

"చంపకమాల పెట్టలేదు మేడమ్. శార్దూలం పెట్టినా. లేక మత్తేభమో."

షెకైనాకు అర్థం కాలేదు. ఇతను నిజంగా ఇంత అమాయకుడా, లేక ఊరికే పిలుస్తున్నాడా? ఊరికే అయితే, ఊరికే అని తెలిసీ తను ఎందుకు వెళుతోంది? అవతల యేసుబాబుకూ అర్థం కాలేదు. ఆదివారం పెళ్లివాళ్లు వస్తున్నారని పాలబ్బాయి ద్వారా విన్నాడు. మరి ఆమె తన ఇంట్లో చాయ్ తాగి, కప్పు కడిగి పెట్టి మరీ ఎందుకు వెళుతున్నట్టు? అడుగుదామని నోరు తెరిచి, "మేడమ్, మౌస్‌కు సెల్ ఎట్ల మార్చాల?" అని అడిగాడు.

శనివారం మధ్యాహ్నం. షెకైనా ఊరి అవతల ఒక క్లినిక్‌లో పని మీద ఉంది. లాప్‌టాప్ ఇంట్లోనే వదిలి వచ్చింది. ఫోన్ మోగింది.

"మేడమ్, మీ లాప్‌టాప్ యాడుండాది?"

"ఇంట్లో. మళ్లా ఏం పాడాయె సార్?"

"నా కంప్యూటర్ బంద్ ఉండాది. కానీ స్పీకర్‌లో సైరన్ మోగుతాండాది. ఎవరో ఆమె ఇంగ్లీషులో 'మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపద్దు, ఈ నంబరుకు కాల్ చేయండి' అని ఒకటే మాట అరుస్తాండాది. ఆపొద్దు దీనికి మీ లాప్‌టాప్ కలిపినారు కదా, అందుకే అడిగినా."

షెకైనాకు క్షణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. ఆ రోజు పరీక్ష కోసం కలిపిన స్పీకర్. దగ్గర్లో తెరిచిన లాప్‌టాప్ దాన్ని మళ్లీ పట్టుకుంది. అంటే ఆ దొంగ సైరన్ తన లాప్‌టాప్‌లో మోగుతోంది. నాన్న దాని ముందు ఉన్నాడు.

"సార్, పరిగెత్తండి! మా ఇంటికి! డాడీ ఎవరితోనైనా ఫోన్‌లో ఉంటే గుంజుకోండి. వైఫై డబ్బా ప్లగ్ పీకేయండి!"

"పెద్దాయన చేతిలోంచి గుంజుకోవాల్నా?"

"గుంజుకోండీ!"

యేసుబాబు చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పరిగెత్తాడు. జీవానందం ఎర్రటి తెర ముందు కూర్చుని, చెమటలు కక్కుతూ, ఫోన్‌లో ఎవరికో అంకెలు చదువుతున్నాడు.

"...ఫోర్, సెవెన్, వన్..."

యేసుబాబు ఫోన్ లాక్కుని కట్ చేశాడు. గోడ దగ్గర వైఫై ప్లగ్ పీకాడు.

"ఎవురప్పా నువ్వు? నా ఇంట్లో దూరి నా ఫోను గుంజుకుంటావా?" జీవానందం లేచి నిలబడ్డాడు. "ఆయన కంపెనీ ఆఫీసరు! లాప్‌టాప్ బాగుచేస్తానన్నాడు!"

"ఎన్ని అంకెలు చెప్పినారు సార్?"

"ఆరు. తొమ్మిది చెప్పాలంట. ఇయ్యి ఫోను!"

"ఇయ్యను సార్. మీరు కొట్టినా ఇయ్యను. మీ పాప చెప్పింది."

షెకైనా వచ్చేసరికి ఇద్దరూ చెరో కుర్చీలో, ఒకరినొకరు చూడకుండా కూర్చుని ఉన్నారు. ఫోన్ యేసుబాబు పిడికిట్లోనే ఉంది. ఎలిజబెత్ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

షెకైనా లాప్‌టాప్ ముందు కూర్చుంది. వాళ్లు దింపించిన యాప్ తెరిచి ఉంది కానీ అవతలివాడు లోపలికి రాలేదు. తొమ్మిది అంకెలూ చెబితేనే వాడికి దారి; ఇంకా మూడు ఉండగానే ఆగిపోయింది. దాన్ని తీసేసి, మొత్తం స్కాన్ పెట్టి, తన ఫోన్‌లోంచి పాస్‌వర్డులన్నీ మార్చింది. ఆ లాప్‌టాప్‌లో రిపేరుకిచ్చిన నలభై ఇళ్లవాళ్ల ఫైళ్లున్నాయి. పోయి ఉంటే సత్యనారాయణపేటలో ఆమెను మళ్లీ ఎవరూ గుమ్మం ఎక్కనిచ్చేవారు కారు.

తర్వాత నాన్న పక్కన కుర్చీ వేసుకుంది. కోప్పడలేదు. కస్టమర్లకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది.

"డాడీ, ఇట్ల ఎర్రగా వచ్చి అరిచి, నంబరిచ్చి కాల్ చేయమంటే అది దొంగదే. ఏ కంపెనీ అట్ల చెప్పదు. పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే ఆరిపోతాది. అంతే. నాకు ఫోన్ చేసింటే సరిపోతుండె కదా?"

జీవానందం చొక్కాతో చెమట తుడుచుకున్నాడు. "ప్రింటర్ దొరకలేదని నెట్‌లో వెతికినా. ఇట్ల వచ్చె. నీ లాప్‌టాప్ నా చేతిలో పాడైపోయిందనుకున్నా. పాడైతే నీ పనంతా పోతాదని భయమాయమ్మా. నువ్వొచ్చేలోపల బాగుచేద్దామనుకున్నా."

ఎలిజబెత్ అప్పుడు మాట్లాడింది. "రేపు పని మాన్పించే నాయనకు, ఈపొద్దు ఆ పని పోతాదని అంత భయమెందుకో?"

ఆయన కూతురి చేతులవంక చూశాడు. తర్వాత యేసుబాబు వైపు తిరిగి, "ఫోన్ ఇయ్యప్పా. ఈసారి మంచివాళ్లకే చేస్తా," అన్నాడు.

హోస్పేటకు చేశాడు. తన కూతురు పని మానదనీ, తనే అడక్కుండా తప్పు రాశాననీ చెప్పాడు. ఆలోచించుకుని చెబుతామన్నారు వాళ్లు. ఆదివారం రాలేదు. ఆ తర్వాతా ఫోన్ చేయలేదు.

వాళ్లకోసం తెచ్చిన కోడి మాత్రం ఉంది. చర్చి నుంచి వచ్చాక ఎలిజబెత్ యేసుబాబును భోజనానికి పిలిచింది. అతను మూడు ముద్దలు తిని, నాలుగోది పట్టుకుని ఆగిపోయాడు.

"సార్, నాకొకటి అర్థం కావడం లేదు."

"మళ్లా ప్రింటరా?" అన్నాడు జీవానందం.

"కాదు సార్. మీ పాపను పెళ్లి చేసుకోవాలని ఉండాది. ముందు మిమ్మల్ని అడగాల్నా, ఆమెను అడగాల్నా అని తెలీక, వారంగా ఆ ప్రింటర్‌ను నేనే పాడుచేస్తాండా."

షెకైనాకు అన్నం మెతుకు గొంతుకు అడ్డం పడింది. ఎలిజబెత్ నీళ్లిచ్చింది.

జీవానందం తాపీగా ఎముక పక్కన పెట్టాడు. "ఆమెనే అడుగప్పా. ఆమెను అడక్కుండా రాస్తే ఏమైతాదో నేను చూసినా కదా."

అందరూ షెకైనా వైపు చూశారు.

"నాకేం తెలుసు?" అంది ఆమె, ముఖమంతా ఎర్రబడి. "టేపు ఊడబీకనిది కూడా కావాలనే చేసినావా? నాకు ముందు కోపం రావాల్నో నవ్వు రావాల్నో తెలీడం లేదు. మీ ఊరు చూడాల. మీ అమ్మను చూడాల. అప్పుడు చెప్తా."

మరో ఆదివారం నలుగురూ సిరుగుప్ప బస్సెక్కారు. అక్కడినుంచి ఆటోలో యేసుబాబు ఊరు కెంచనగుడ్డ. దారిపొడవునా కాలువ నీళ్లలో కొత్తగా నాటిన వరి. యేసుబాబు తల్లి వాకిట్లోనే షెకైనా రెండు చేతులూ పట్టుకుని, "పాపా, మా రేడియోలో గరగర వస్తాది, చూస్తావా?" అంది. షెకైనా నవ్వి, సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసింది. పెద్దవాళ్లు ప్రార్థన చేసుకుని మాటల్లో పడ్డారు.

మధ్యాహ్నం ఇద్దరూ తుంగభద్ర ఒడ్డుకు నడిచారు. నది ఎర్రగా, నిండుగా పారుతోంది. సన్న తుంపర మొదలైంది. ఉన్నది ఒక్కటే గొడుగు. అదెవరు పట్టుకోవాలో తేలక కాసేపు ఇద్దరూ తడిశారు.

"ఇంకా చెప్పలేదు," అన్నాడు యేసుబాబు.

"మీరూ ఒకటి అడగలేదు. అందరూ అడిగేది."

"ఏంది?"

"పెళ్లైనాక పని మానేస్తావా అని."

అతను నిజంగానే తికమకపడ్డాడు. "అది నేనెందుకు అడగాల? నాకు తోచనే లేదు."

షెకైనా అతని చేతిలోంచి గొడుగు తీసుకుని ఇద్దరి మీదికీ పట్టింది.

"తోచలేదు కాబట్టే ఇంత దూరం వచ్చినా," అంది.