తక్కెడ భయపడిన రోజు

మాస్టారు గడ్డం గీయించుకుంటూ చనిపోయాడు.

వేడి టవల్ మొహం మీద కప్పి, కొత్త బ్లేడు తీయడానికి బార్బర్ అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి కుర్చీ మీద ఆనించి ఉండాల్సిన రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి. కునుకు పట్టిందనుకుని ఒక చెంప గీశాడు కూడా. రెండో చెంపకి తల తిప్పినప్పుడు గానీ తెలియలేదు. చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట, చీమ కుట్టినంత ఎర్రటి చుక్క. పక్క కుర్చీలో పేపర్ చదువుతూ తన వంతు కోసం కూర్చున్న మనిషి లేడు. పేపర్ మాత్రం ఇస్త్రీ చేసినంత నీట్‌గా మడతపెట్టి ఉంది.

కాసేపటికి రంగు చేపల షాపులోకి ఒక నడివయసు మనిషి వచ్చాడు.

"నల్ల చేపలున్నాయా?"

"నల్లవి అయిపోయాయి. ఎర్రవి చూస్తారా?"

"ఎర్రవి మా ఇంట్లో బతకవు."

షాపువాడు పెద్ద తొట్టిని పక్కకి లాగాడు. వెనక తలుపు తెరుచుకుంది.

గూఢచారి విభాగంలో ఆ వచ్చినవాడిని నత్త అంటారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క నిర్ణయమూ తొందరపడి తీసుకోలేదని ఆ పేరు పెట్టారు. ఇంకా బతికున్నాడంటే అందుకేనని తోటివాళ్ళు అంటారు. ప్రమోషన్ రాకపోవడం కూడా అందుకేనని అతనే అంటాడు.

లోపల పెద్దాయన బల్ల వెనక, ఒక చిన్న చేపల తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన విభాగానికి అధిపతి. పది మాటల్లో చెప్పేది రెండు మాటల్లో చెప్తాడు.

"మీ బావ పోయాడు. చంపేశారు."

నత్త గోడకి చెయ్యి ఆనించాడు. మాస్టారు అతని అక్క మొగుడు.

"అక్కకి తెలుసా?"

"ఇంకా లేదు. పని అయ్యాక నువ్వే చెప్పు. ముందు విను."

మాస్టారు లెక్కల మనిషి. ఆయన తయారుచేసిన మిషన్ పేరు తక్కెడ. రక్షణశాఖ భవనం అడుగున ఉంటుంది. పొరుగు దేశం దాడి చేస్తుందా, చెయ్యదా అన్నది అంచనా వెయ్యడమే దాని పని. అక్కడ ఎన్ని రైళ్ళు ఆగాయి, ఆస్పత్రుల్లో ఎన్ని మంచాలు ఖాళీ చేశారు, వాళ్ళ ఎంబసీ కుటుంబాలు ఎటు పోతున్నాయి... ఇలాంటివన్నీ కలిపి తూస్తుంది. అనుమానం పెరిగేకొద్దీ సూది జరుగుతుంది. ఎర్రగీత దాటితే, 'వాళ్ళకంటే ముందు మనమే కొట్టాలి' అంటుంది.

"గోడకి అటొకడు, ఇటొకడు. ఇద్దరి చేతుల్లోనూ రాళ్ళు," అన్నాడు పెద్దాయన. "విసరాలని ఇద్దరికీ లేదు. కానీ వాడు విసురుతాడేమోనని వీడికి భయం. వీడు భయపడి విసురుతాడేమోనని వాడికి భయం. ఆ భయాన్ని లెక్కకట్టే మిషన్ అది. దానికి కోపం రాదు. భయం మాత్రం వస్తుంది. ఇవాళ పొద్దున్నుంచీ సూది పాకుతోంది."

"నిజంగా దాడికి దిగుతున్నారా?"

"సరిహద్దులో వాళ్ళ సైనికులు బట్టలుతుక్కుని ఆరేసుకుంటున్నారు. మనవాళ్ళు కళ్ళారా చూశారు. ఇదంతా కంపెనీ పని."

కంపెనీ అంటే మూడో దేశపు ఆయుధాల వ్యాపారుల ముఠా. ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ సరుకు అమ్ముతారు. ఈ ఊళ్ళో వాళ్ళ పెద్ద ఒక డెంటిస్టు. బాంబు ఉందని దొంగ ఫోన్లు చేసి అవతలి రైళ్ళు ఆపించారు. అంటురోగమని పుకారు పుట్టించి ఆస్పత్రులు ఖాళీ చేయించారు. ఇక మిగిలింది ఒక్కటే. పొరుగు ఎంబసీ కుటుంబాలు ఇవాళ మధ్యాహ్నం విమానంలో వెళ్ళిపోతున్నాయి. అది ఎగిరితే సూది గీత దాటుతుంది.

"సేనాధిపతికి చెప్పారా?"

"చెప్పాను. 'తక్కెడ చెప్తే దాడి స్విచ్ నొక్కాను అంటే ఎవరూ నన్ను తప్పుపట్టరు. మీరు చెప్తే ఆపాను, తర్వాత బాంబు పడింది అంటే నన్ను బతకనివ్వరు' అన్నాడు. నొక్కేది మనిషే. కానీ తక్కెడ మాట కాదన్న మనిషి ఇంతవరకూ లేడు."

"ఆ దొంగ గుర్తులు పట్టించుకోవద్దని మిషన్‌కే చెప్పొచ్చుగా?"

"అలా చెప్పడం తెలిసినవాడు మీ బావ ఒక్కడే."

నత్తకి అర్థమైంది. "అది వేటిని చూస్తుందో కంపెనీకి ఎలా తెలిసింది?"

పెద్దాయన చేపల తొట్టి వైపు చూశాడు. "నెమలి చెప్పింది."

నెమలి మాస్టారి చెల్లెలు. నత్తకి మరదలి వరస. ఒకప్పుడు వాళ్ళిద్దరి పెళ్ళి మాటలు కూడా నడిచాయి. నత్త సరే అనేలోగా ఆమె పొరుగు ఎంబసీలో దుబాసీగా చేరిపోయింది. విభాగం తరఫున కంపెనీలో దూరింది. కంపెనీ తరఫున విభాగంలో ఉన్నట్టు నటిస్తోంది. ఈ రెండింట్లో నటన ఏదో తెలిసినవాళ్ళు లేరు.

పెద్దాయన ఒక కళ్ళజోడు, ఒక పెన్ను బల్ల మీద పెట్టాడు. "కళ్ళజోడులో నా గొంతు వినిపిస్తుంది. ఆమె వాళ్ళ మనిషైతే పెన్ను వాడు."

నత్త అలవాటుగా కాగితం మీద గీసి చూశాడు. "ఇది రాయట్లేదు సార్."

"దాని పని అది కాదు."

*

ఎయిర్‌పోర్టులో నత్త బూడిదరంగు యూనిఫామ్ వేసుకుని ఖాళీ వీల్‌చైర్ తోస్తున్నాడు. వీల్‌చైర్ తోసేవాడి మొహం ఎవరూ చూడరు.

నెమలిని చూడనివాళ్ళు లేరు. పచ్చకోటు, నల్లకళ్ళద్దాలు, హాలు మొత్తం తనదే అన్నట్టు నడక. ఆమె పక్కన రాయబారి, ఆయన భార్య, కవలపిల్లలు, వెనకాల పెట్టెలతో మరికొన్ని కుటుంబాలు. నత్తని చూడగానే ఆమె మడమ మెలిక పడింది. "అబ్బా" అని కాలు పట్టుకుంది. నత్త కుర్చీ తెచ్చాడు. కూర్చుంది.

అద్దాల కారిడార్లోకి తిప్పాక గానీ ఆమె నోరు విప్పలేదు.

"యూనిఫామ్ వదులుగా ఉంది బావా."

"కుటుంబాలని పంపెయ్యమన్న ఆర్డర్ నిజమేనా?"

"దొంగది. నేనే చదివి వినిపించాను. డెంటిస్టుకి పూర్తి నమ్మకం కుదిరేదాకా వాళ్ళు చెప్పినట్టే చెయ్యమని పెద్దాయన ఆర్డర్."

"తక్కెడ ఏం చూస్తుందో చెప్పింది కూడా నువ్వేనా?"

"పెద్దాయనే నిజాలు చెప్పమన్నాడు. అన్నయ్య మిషన్‌ని మార్చేశాడు, పాత గుర్తులు ఇప్పుడు పనికిరావు అన్నాడు." ఆమె తల కొంచెం పక్కకి తిప్పింది. "మార్చలేదా?"

చక్రం కీచుమంది. వెనకనుంచి తోస్తున్నవాడికి ఆమె మొహం కనపడదు. అద్దంలో మాత్రం ఆ నల్లకళ్ళద్దాలు కనిపిస్తున్నాయి. నత్త ఒక చెయ్యి జేబులో పెట్టాడు. పెన్ను చల్లగా తగిలింది.

"మీ అన్నయ్య లేడు. పొద్దున చంపేశారు."

కారిడార్ చివర ఆమె చాలా చిన్న గొంతుతో అడిగింది.

"సగం గడ్డంతోనేనా?"

నత్త ఆగిపోయాడు. "బార్బర్ షాపని నేను చెప్పలేదు."

"మొన్న డెంటిస్టు అడిగాడు. 'మీ అన్నయ్య గడ్డం ఎప్పుడూ అంత నున్నగా ఉంటుంది, ఎవరు గీస్తారు?' అని. మంచి బార్బర్ కోసం అడుగుతున్నాడనుకున్నాను." ఆమె వేళ్ళు కుర్చీ చేతిని గీరుతున్నాయి. "షాపు పేరు చెప్పాను బావా. ఏ రోజు వెళ్తాడో కూడా చెప్పాను."

ఇది నిజమైనా కావచ్చు. నిజమని నమ్మించడానికి ఎంతో నేర్పుగా ఆడిన మాటైనా కావచ్చు. తేల్చుకోవడానికి నత్తకి మామూలుగా ఒక వారం పడుతుంది. జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు.

"విమానం ఆపితే సరిపోతుందా?"

"సరిపోదు. కుటుంబాలు సామానుతో ఎయిర్‌పోర్టుకి వచ్చాయన్నది ఈపాటికి తక్కెడ చూసేసి ఉంటుంది."

కళ్ళజోడులో పెద్దాయన గొంతు పలికింది. "చూసేసింది. సూది గీతకి వెంట్రుకవాసి దూరంలో ఉంది."

"రాయబారితో ఫోన్ చేయిద్దాం. మేం దాడి చెయ్యం అని చెప్పమందాం," అన్నాడు నత్త.

"మాట చవక. దాడి చేసేవాడూ ఆ మాటే అంటాడు. అన్నయ్య చెప్తూనే ఉండేవాడు కదా, అబద్ధమాడేవాడు చెయ్యలేని పని చేసి చూపిస్తేనే తక్కెడ నమ్ముతుందని." ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రక్షణశాఖ భవనం ముందు ఫౌంటెన్ ఉంది. యుద్ధమంటూ వస్తే మొదటి బాంబు అక్కడే పడుతుంది. తన పిల్లల్ని తీసుకెళ్ళి తన బాంబు కింద ఎవడూ కూర్చోబెట్టడు."

లెక్క సరిగ్గానే ఉంది. అందులో ఉన్నది మాత్రం ఎవరి పిల్లలో.

ఆమె కుర్చీలోంచి లేచి, కుంటడం కూడా మర్చిపోయి, నేరుగా రాయబారి దగ్గరికి నడిచింది. అంతా చెప్పింది. తనెవరో, ఆర్డర్ ఎవరిదో, ఏం చెయ్యాలో.

రాయబారి ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్వు గూఢచారివి. నిన్ను నేనెందుకు నమ్మాలి?"

"ఈ మాట చెప్పినందుకు మీవాళ్ళు నన్ను ఉరి తీస్తారు. ఆర్డర్ దాటినందుకు మావాళ్ళు జైల్లో పెడతారు. దీనివల్ల నాకేం లాభమో మీరే చెప్పండి."

"మీ మిషన్ అప్పటికీ నమ్మకపోతే? నా పిల్లలు అక్కడ ఉంటారు."

నెమలి పిల్లల వైపు చూసింది.

రాయబారి భార్య అప్పటిదాకా ఒక పిల్ల జడ సరిచేస్తోంది. తలెత్తకుండానే మొగుణ్ణి అడిగింది. "మనవాళ్ళు దాడి చేసేట్టయితే మీకు తెలియదా?"

"నాకు చెప్పకపోవచ్చు."

"మీరే మనవాళ్ళని నమ్మకపోతే ఆ మిషన్‌ని అని ఏం ప్రయోజనం?" ఆమె పిల్లలిద్దరి చేతులూ పట్టుకుంది. "కార్లు తిప్పమనండి. ఒకవేళ పోతే అందరం కలిసే పోతాం. వీళ్ళని విమానమెక్కించి, ఇక్కడివాళ్ళ పిల్లలు కాలిపోతుంటే టీవీలో చూడలేను."

*

మొదటి కారులో వెనక సీట్లో రాయబారి భార్య, కవలలు, నెమలి. ముందు సీట్లో డ్రైవర్ పక్కన నత్త. సర్కిల్ దగ్గర కారు ఎడమకి తిరగాలి. కుడికి తిరిగి రేవు వైపు పరుగెత్తింది.

"ఎడమకి," అన్నాడు నత్త.

డ్రైవర్ నవ్వాడు. అతని పక్కన మడతపెట్టిన పేపర్ ఉంది. ఇస్త్రీ చేసినంత నీట్‌గా. ఒక చెయ్యి స్టీరింగ్ మీదే ఉంచి, రెండో చేతి కఫ్‌లోంచి సన్నటి సూది తీశాడు. అది నత్త మెడ మీదికి వస్తుంటే వెనకనుంచి పచ్చకోటు చెయ్యి ఒకటి అడ్డం దూరి, ఆ మణికట్టుని సీటుకేసి నొక్కిపట్టింది.

"బావా! ఆలోచించకు!"

నత్త చేతిలో పెన్ను చిన్నగా టక్కుమంది. డ్రైవర్ తల స్టీరింగ్ మీద వాలింది. కారు ఫుట్‌పాత్ ఎక్కి, చెత్తడబ్బాని గుద్ది, ఒక చెట్టుని ఒరుసుకుంటూ ఆగింది. పిల్లల్లో ఒకతె ఏడ్చింది. రెండో పిల్ల, "మళ్ళీ చెయ్యి అంకుల్," అంది.

నత్త డ్రైవర్‌ని పక్కకి తోసి స్టీరింగ్ పట్టుకున్నాడు.

ఫౌంటెన్ దగ్గర దిగేసరికి కళ్ళజోడులో పెద్దాయన గొంతు వినిపించింది. "సూది గీత మీదుంది. సేనాధిపతి స్విచ్ మూత తీశాడు."

రాయబారి భార్య చెప్పులు విప్పి గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. పిల్లలూ పెట్టారు. వెనక కార్లలోంచి రాయబారి, మిగతా కుటుంబాలు దిగి ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. పైన భవనం గేటు మీది కెమెరాలు వాళ్ళ వైపు తిరిగి ఉన్నాయి. అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. సెంట్రీ పరుగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ కూర్చోకూడదు! లేవండి, లేవండి!"

"ఒక్క నిమిషం బాబూ," అంది నెమలి. "కాళ్ళు నొప్పిగా ఉన్నాయి."

"స్విచ్ మీద వేలు పెట్టాడు," అంది పెద్దాయన గొంతు.

"తక్కెడ ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. తూస్తోంది."

రాయబారి ఒక పిల్లని దగ్గరికి లాక్కుని తల మీద చెయ్యి కప్పాడు, ఆ అరచెయ్యి బాంబుని ఆపుతుందన్నట్టు. నత్త చూపు తిప్పుకున్నాడు.

"వెనక్కి..." అన్నాడు పెద్దాయన. "సూది వెనక్కి వస్తోంది. వేలు తీశాడు."

నెమలి నీళ్ళలో మొహం కడుక్కుంది. కడుక్కుంటూనే ఉంది.

*

సాయంత్రం చేపల షాపు వెనక గదిలో పెద్దాయన హుషారుగా ఉన్నాడు. డెంటిస్టు దొరికాడు. విభాగంవాళ్ళు వెళ్ళేసరికి ఎవరికో పన్ను పీకుతున్నాడట. పాపం ఆ పేషెంటు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడట. నెమలి కస్టడీలో ఉంది. ఆమెని అప్పగించమని పొరుగు దేశం అడుగుతోంది.

"ఒక్కటి అడగాలి సార్," అన్నాడు నత్త. "మిషన్‌ని మార్చమని మా బావకి అసలు చెప్పారా?"

"చెప్తే ఒప్పుకునేవాడు కాదు. చెల్లెల్ని వెనక్కి పిలిపించమనేవాడు."

"మరి అసలు గుర్తులు కంపెనీకి ఎందుకు ఇప్పించారు?"

"తక్కెడనే అడిగాను. లాభం, ముఠా మొత్తం దొరుకుతుంది. నష్టం, మనవైపు ఒక మనిషి పోవచ్చు. చెయ్యొచ్చు అంది."

"ఆ ఒక్క మనిషి ఎవరు అని అడిగారా?"

పెద్దాయన తొట్టిలోకి చూశాడు. ఒక చేప అద్దానికి మూతి ఆనించి నిలబడింది.

"అడగలేదు."

నత్త జేబులో ఫోన్ మోగింది. అక్క. బావ భోజనానికి రాలేదని మధ్యాహ్నం నుంచీ చేస్తూనే ఉంది. నత్త లేచి, వీల్‌చైర్ యూనిఫామ్ మీదే తన కోటు తొడుక్కున్నాడు. వెళ్ళాక అక్కకి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఏ మాటా కుదరలేదు.

"వెళ్ళేముందు ఒక్క మాట," పెద్దాయన ఫైలు తెరిచి కలం పట్టుకున్నాడు. "పైవాళ్ళకి తేల్చి చెప్పాలి. ఇంతకీ ఆమె మన మనిషా, వాళ్ళ మనిషా?"

ఈసారి నత్త క్షణం కూడా ఆలోచించలేదు.

"మా అక్క ఆడపడుచు సార్. అలాగే రాసుకోండి."