తలుపు తీసే షాటు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి కోడలు వెనక్కి తిరిగేసరికి, అత్తగారు నిన్నటి చీరలోనే అద్దం ముందు కూర్చుని ఉన్నారు. ఆవిడ మామూలు మనిషా? మూకీ సినిమాల రోజుల్లో తెర మీద ఆవిడ కన్నెత్తి చూస్తే చాలు, హాల్లో చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవారట. సినిమాకు మాటలు రాగానే ఆవిడకు వేషాలు పోయాయి. ఇన్నేళ్ళకు ఒక దర్శకుడు వెతుక్కుంటూ వచ్చి, జైలు నుంచి వచ్చిన కొడుక్కి తలుపు తీసే తల్లి వేషం ఇచ్చాడు.

నిన్న ఆ తలుపు తీసే షాటే. కెమెరా తిరగ్గానే, మైకులో పడకుండా అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఈవిడ తలుపు తీసి, అలాగే నిలబడిపోయి, "అదేమిటి, ఎవరూ మాట్లాడరేం?" అని అడిగారు. పాపం, ఆవిడకు తెలిసిన షూటింగు వేరు. మూకీల్లో దర్శకుడు పక్కనే నిలబడి, అదిగో వస్తున్నాడు, గుర్తుపట్టావు, గుండె ఝల్లుమంది అంటూ చెబుతూనే ఉండేవాడు. ఆ మాటల మీదే ఆవిడ మొహం నడిచేది. నిన్న ఎన్నిసార్లు తీసినా కుదరలేదు. కుర్రకారు చాటుగా నవ్వుకున్నారు. ఇవాళ కూడా కుదరకపోతే వేషం ఇంకొకరిది.

"ఇంక చాల్లే అమ్మా," అన్నాడు కొడుకు, గడ్డానికి సబ్బు పూసుకుంటూ. "ఈ వయసులో నవ్వులపాలు కావడం దేనికి?"

"నీ బాధ అది కాదురా. అసలుది చెప్పు."

ఇక ఆపుకోలేక అంతా కక్కేశాడు. అమ్మను ఊరంతా చూసింది గాని తను చూడలేదన్నాడు, ఇంట్లో పిన్ని చేతుల మీద పెరిగిన పిల్లాడికి ఆ పేరుప్రతిష్ఠలు ఎందుకన్నాడు. ఆవిడ అద్దం ముందు నుంచి లేచారు. చీర మార్చుకుని కారెక్కారు. కోడలు పొయ్యి ఆర్పేసి వెంట వెళ్ళింది.

వెళ్ళి ఊరుకుందా? ఆ షాటులో మాటలే లేనప్పుడు మైకెందుకని దర్శకుణ్ణే అడిగింది. ఆయన సరే, తర్వాత సంగీతం వేసుకుందామని మైకు ఆపించాడు. మూకీల్లోలా తానే పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు, తల్లి ప్రేమ పొంగుతోందమ్మా అని.

"పాలు పొంగినట్టు చెబుతావేం నాయనా," అన్నారావిడ. నవ్వులు ఆగాక, కెమెరా పక్కన ఎవరో గొంతు సవరించుకున్నారు. కోడలు తిరిగి చూస్తే భర్త. గడ్డం సగమే గీసుకుని వచ్చేశాడు.

ఆవిడ తలుపు తీశారు.

"అమ్మా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు షూటింగు నుంచి వచ్చేదాకా నేను పడుకునేవాణ్ణి కాదు. తలుపు చప్పుడు కాగానే కళ్ళు మూసుకునేవాణ్ణి, కోపంతో. నువ్వు తల నిమిరి వెళ్ళిపోయేదానివి. ఒక్కసారైనా లేపలేదేమమ్మా?"

ఆ మొహం మీద ఏళ్ళకేళ్ళు కదిలాయి. చెయ్యి గాల్లోకి లేచి, లేని తలను నిమిరింది. పెదవులు ఏదో పలికాయి. కట్ చెప్పాల్సిన దర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

పత్రికలు ఆవిణ్ణి ఆకాశానికెత్తాయి. ఇప్పటికీ కొత్తగా వచ్చే నటీమణులు ఆ షాటు చూసి నేర్చుకుంటారు. అక్కడ ఆవిడ ఏమన్నారా అని జనం తలొక రకంగా చెప్పుకుంటారు. దీవించిందని కొందరు, దేవుణ్ణి తలుచుకుందని కొందరు. ఆవిడ అన్నది కోడలు చెవులారా విన్నది.

"నాకు తెలుసురా. నిద్ర నటించడం నీకెప్పుడూ చేతకాలేదు. నిన్ను లేపి ఉంటే, మర్నాడు నేను గడప దాటగలిగేదాన్నా?"