చచ్చినట్టు రాసిన చెట్టు

ఆ రక్షిత అడవిలో మూడో మలుపు మంచిది కాదని అందరూ అంటారు. చీకటి పడ్డాక అక్కడ ఎవరో మూలుగుతారట. సర్వేయరు మాత్రం నవ్వాడట... ఆఫీసులో పగలంతా వినే మూలుగుల కంటేనా!

పాపం, ఆయన మహా కష్టజీవి. మండుటెండలో జీపు దిగకుండానే నాలుగు వందల చెట్లు లెక్కపెట్టాడు. ఒక్కదానికీ ఆకు లేదు. అన్నిటికీ ఎదురుగా "చచ్చినది" అని రాసి పారేశాడు. బెరడు గోటితో గీకి లోపల పచ్చి ఉందేమో చూడాలని నియమం. గోళ్లు పాడైపోవూ!

తెల్లారేసరికి కాగితాలు అందితే అడవి మధ్య నుంచి రోడ్డు, ఆయనకి ప్రమోషన్. చెట్ల మీద అంకెలు వేయడమే మిగిలింది. అందుకే రాత్రికి రాత్రి తెల్లరంగు డబ్బా పట్టుకుని బయల్దేరాడు.

అడవి మొదట్లో కాపలాదారు గది. కాపలాదారు సర్వేయరు భార్యకి స్వయానా అన్న.

"బావా, చచ్చాయని రాశావటగా? ఎండాకాలం ఆకు రాల్చి నీళ్లు దాచుకునే చెట్లివి. ఆ రాలిన ఆకే వాన నీటిని పట్టి మన బావుల్లోకి దింపుతుంది. తొలకరి దాకా ఆగు, చిగురేస్తాయి."

"నా ప్రమోషన్ ఆగుతుందా బావా, తొలకరి దాకా?"

వెన్నెల పల్చగా ఉంది. ఎవరి కోసమో చేతులు చాచి అలిసిపోయినట్టు బోసి కొమ్మలు. కాలి కింద ఎండుటాకులు కరకర... ఈయన ఆగితే ఆ చప్పుడూ ఆగుతుంది — ఒక్క అడుగు ఆలస్యంగా.

మూడో మలుపులో ఒంటరిగా ఒక లావాటి చెట్టు. అంకె వేద్దామని కత్తితో బెరడు చెక్కాడు.

మూలుగు...

టార్చి వేశాడు. గాటులోంచి ఎర్రగా... చిక్కగా... వేళ్ల మీదికి, మణికట్టు మీదికి —

డబ్బా ఒకచోట, చెప్పులు ఒకచోట. ఒకటే పరుగు.

"బావా... చచ్చినదానికి... నెత్తురు!"

కాపలాదారు ఆ చెయ్యి చూసి పకపకా నవ్వాడు. "వేగిస చెట్టు రసం బావా! గాటు పెడితే ఎర్రగా కారుతుంది. నోరు లేదు కదా, బతికే ఉన్నానని అలా చెప్పుకుంది."

సర్వేయరుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఓస్, ఇంతేనా! మూడో మలుపులో ఆ లావు చెట్టు నన్ను హడలగొట్టి చంపింది."

కాపలాదారు నవ్వు ఆగిపోయింది.

"మూడో మలుపులోనా..."

"ఊఁ."

"అక్కడ ఉండేది ఒక్కటే వేగిస బావా." గొంతు తగ్గించాడు. "పోయినేడు చచ్చిందని రాసి మీ ఆఫీసువాళ్లే కొట్టించారు... మొద్దు కూడా మిగల్లేదు."

సర్వేయరు సంచీలోంచి రిపోర్టు తీశాడు. నాలుగు వందల "చచ్చినది"లనూ ఒక్కొక్కటిగా కొట్టేయడం మొదలుపెట్టాడు. పెన్ను కోసం వెతకలేదు.

వేలికి ఎర్రటి తడి ఇంకా ఆరలేదు.