చెయ్యెత్తితే ఆపేస్తాను

"మావయ్యా, ఐస్‌క్రీమ్ షాపులో కుర్చీ ఎందుకు పడుకుంది?"

మేనమామని అలా అడిగింది ఇంట్లో అందరూ పిడుగు అని పిలుచుకునే ఆరేళ్ళ పిల్ల. పళ్ళ డాక్టరంటే రాదని, ఐస్‌క్రీమ్ అని ఊరించి తీసుకొచ్చాడు. అతని అక్క ఆఫీసుకి వెళ్తూ కూతుర్నీ, పుచ్చిన పన్నునీ కలిపి అతనికి అప్పగించింది మరి.

సంగతి తెలియగానే పిడుగు కుర్చీ కిందకి దూరిపోయింది.

"ఐస్‌క్రీమ్ అన్నారా?" పిల్లల పళ్ళ డాక్టరమ్మ గొంతు మెత్తగానే ఉంది. మాస్కు పైన కళ్ళు మాత్రం అతన్ని నమిలేస్తున్నాయి.

"అవునండీ. సూది ఉండదు, అసలేమీ చెయ్యరు అని కూడా చెప్పాను," అన్నాడు, మెచ్చుకుంటుందేమోనని.

"బ్రహ్మాండం! ముందు మీరు పాడుచేసింది బాగుచేస్తే గానీ నేను పన్ను దాకా వెళ్ళలేను. ఆ మూల కూర్చోండి. నోరు మూసుకుని."

రోజంతా నోరు తెరవమని బతిమాలే మనిషి చేత నోరు మూయించుకున్నవాడు బహుశా అతనొక్కడే.

డాక్టరమ్మ నేల మీద చతికిలబడి కుర్చీ కిందకి తొంగిచూసింది. "నేను ఐస్‌క్రీమ్ అమ్మను. పళ్ళు బాగుచేస్తాను. ఈ గదిలో అబద్ధాలుండవు. ఏం చేస్తానో ముందు చెబుతాను, తర్వాత చూపిస్తాను, ఆ తర్వాతే చేస్తాను. ఇబ్బందైతే ఎడమ చెయ్యెత్తు. ఆపేస్తాను."

"నిజంగా ఆపుతావా?"

"నువ్వే చూడు."

పిడుగు మెల్లగా బయటికొచ్చి కూర్చుంది. నోట్లోకి చూసే చిన్నద్దం దగ్గరికి రాగానే చెయ్యెత్తింది. డాక్టరమ్మ ఆపేసింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ ఆపేసింది. అధికారం చేతికొచ్చాక పిడుగు ఊరుకుంటుందా?

"ముందు మావయ్యకి చెయ్యి!"

మావయ్య లిఫ్టు మెకానిక్. పదో అంతస్తులో తాడుకి వేలాడుతూ కూనిరాగాలు తీసే మనిషి. ఆ కుర్చీలో వాలాక మాత్రం, డాక్టరమ్మ అద్దం తీసిందో లేదో రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఒక్క చెయ్యి చాలండీ. మిమ్మల్ని అరెస్టు చెయ్యడం లేదు."

పిడుగు వచ్చి అతని వేలు పట్టుకుంది. "భయపడకు మావయ్యా. బొజ్జ నిండా గాలి పీల్చుకో. మెల్లగా వదులు. నేనున్నాగా."

డాక్టరమ్మ పకపకా నవ్వేసింది. ఆ నవ్వుతో అతని భయం సగం పోయింది, మనసు మొత్తం పోయింది.

అంతటి మావయ్యకి ధైర్యం చెప్పిన పిల్ల తను మాత్రం ఎలా భయపడుతుంది? దర్జాగా వచ్చి కూర్చుంది. సూది ముందు డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, కాస్త చురుక్కుమంటుందని. అంతే అయింది.

చూస్తే బయటపడ్డ మరో రెండు పుచ్చుపళ్ళ కోసం ఇంకొన్నిసార్లు రావలసి వచ్చింది. ప్రతిసారీ మావయ్య ఇస్త్రీ చొక్కాలోనే వచ్చాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ఏం చెబుతారు?" అనడిగింది ఆమె ఒకసారి.

"నిజమే చెబుతానండీ. తలుపు తెరుచుకోవడానికి టైమ్ పడుతుంది, తాడు మాత్రం తెగదు అని."

"మరి మేనకోడలు ఏం పాపం చేసింది?"

అతను బుర్ర గోక్కున్నాడు. ఆమె కళ్ళు నవ్వాయి. ఆ కళ్ళ కోసం ఎన్ని తిట్లయినా తినొచ్చనిపించింది అతనికి.

చివరికి ఒకరోజు, "అన్నీ అయిపోయాయి. ఇక ఆరు నెలల తర్వాత రండి," అంది డాక్టరమ్మ. పిడుగు గంతులేసింది. మావయ్య ముఖం వాడిపోయింది.

వారం తిరక్కుండానే చెంపకి రుమాలు అద్దుకుని, పిడుగుని వెంటేసుకుని వచ్చేశాడు.

"ఏ పన్ను?"

"కిందది... కాదు, పైది. పొద్దుట్నుంచి ఏమీ నమల్లేకపోతున్నానండీ."

"అబద్ధం!" అంది పిడుగు. "దార్లో పల్లీలన్నీ నాకు పెట్టకుండా కరకరా నమిలేశాడు."

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. అద్దం పక్కన పెట్టేసింది. "ఇక్కడ అబద్ధాలుండవని ఈ పిల్లకి మాటిచ్చాను. నమ్మింది కాబట్టే నోరు తెరిచింది. మీరు దాని ముందే ఇలా చేస్తే ఎలా? వెళ్ళండి. బయట పిల్లలు ఎదురుచూస్తున్నారు."

అతను తలుపు దాకా వెళ్ళాడు. ఇప్పుడు గడప దాటితే ఆరు నెలల తర్వాత కూడా ముఖం చూపించలేనని తెలుసు. వెనక్కి తిరిగాడు.

"ముందు చెబుతానండీ. ఇబ్బందైతే చెయ్యెత్తండి, ఆపేస్తాను. పన్ను నొప్పి అబద్ధం. ఆరు నెలలు అన్నారు చూడండి, అప్పుడు మొదలైన నొప్పి మాత్రం నిజం. మీరంటే నాకు చాలా ఇష్టం. మిమ్మల్ని..."

డాక్టరమ్మ ఎడమ చెయ్యి పైకి లేచింది.

అతను టక్కున ఆపేశాడు. పిడుగు వేలు పట్టుకుని కదిలాడు.

"ఎందుకు ఆపేశారు?"

"చెయ్యెత్తారుగా!"

"మాస్కు తీస్తున్నానండీ బాబూ!" తీసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు. "ఫర్వాలేదు, ఆపమంటే ఆపే మనిషే. మిమ్మల్ని... ఆ తర్వాత?"

అతను నోరు తెరిచేలోపు ఇద్దరి మధ్యా ఇంకో చిన్న చెయ్యి లేచింది. గదిలో రూలు రూలే కాబట్టి ఇద్దరూ ఆగారు.

"ఏంటమ్మా?"

"ఈసారైనా నిజం ఐస్‌క్రీమ్ ఉందా?"

అతను డాక్టరమ్మ వైపు చూశాడు.

"సాయంత్రం క్లినిక్ మూశాక ముగ్గురం వెళ్దాం," అంది ఆమె. "తిన్నాక మాత్రం నోరు పుక్కిలించాలి. పల్లీలు తిన్నవాళ్ళు కూడా."