కరువు ఫండుకిచ్చిన కంటె

వెండి పెట్టె మూత తెరిచారు. లోపల పట్టుగుడ్డ ఉంది. బంగారు కంటె లేదు.

1897 వేసవి. సాయంత్రం అయిదు గంటలు. భీమవరానికి దగ్గర్లో, కాలవ పక్కన అచ్యుతరామరాజు కొబ్బరితోట. ఎగువ జిల్లాల్లో కరువు వచ్చింది. ఆ కరువు ఫండు కోసం సభ. పందిరి కింద సబ్ కలెక్టరు దొర, చుట్టుపక్కల భూస్వాములు, వకీళ్లు కూర్చున్నారు. ఆకలితో చచ్చేవాళ్ల మీద జాలితో అందరూ మధ్యాహ్నంనుంచీ తింటూనే ఉన్నారు.

తన తల్లి మెడలోని కంటెను సభలో వేలం వేయించి సొమ్మంతా ఫండుకిస్తానని రాజు ఊరూరా టముకు వేయించాడు. ఆయనకి రావు బహద్దూరు బిరుదు మీద కన్నుంది. ఇప్పుడు దొర ముందు ఖాళీ పెట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"దొంగెవడో నాకు తెలుసు," అన్నాడు, ఎవరూ అడగకముందే. "ఆ బ్యాండువాడు. మా ఇంట్లోంచి బయటికొస్తుంటే చూశాను."

బ్యాండు మిషన్ బడిది. అందరూ అంటరానివాళ్ల పేటలోని క్రైస్తవులు. తెల్లవారుజామున పడవెక్కి వచ్చారు. ఎండలో ఎర్రకోట్లు తొడుక్కుని, పందిరి నీడ తమ మీద పడనంత దూరంలో నిలబడి వాయిస్తున్నారు. రాజు చూపించినవాడు ఆశీర్వాదం. క్లారినెట్ వాయిస్తాడు.

పాలేళ్లు వాడి కోటు విప్పించి వెతికారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు కొట్టారు. పై పెదవి చిట్లింది. కొబ్బరిచెట్టుకి కట్టేశారు. దొర అటు చూడకుండా చుట్ట వెలిగించుకున్నాడు.

ఆరు గంటలకు, కబురందుకుని, ఇనస్పెక్టరు పేరయ్య పంతులు గుర్రం దిగాడు. వెనకాలే స్టేషను రైటరూ ఒక జవానూ వచ్చారు.

పంతులుకి మనుషులంటే గౌరవం తక్కువ. డబ్బున్న మనుషులంటే మరీ తక్కువ. పందిరి వైపు చూశాడు. చెట్టుకి కట్టిన మనిషి నోట్లోంచి రక్తం కారుతోంది. పది గజాల ఇవతల పెద్దమనుషులు అరిటాకు ముక్కల్లో చక్రపొంగలి తింటున్నారు.

"మీరూ ప్రసాదం పుచ్చుకోండి పంతులుగారూ," అన్నాడు రాజు.

"వండిందెవరండీ?"

"మా ఆచార్లుగారు. మడితో వండి, స్వామికి ఆరగింపు చేసి, ఇప్పుడే పంచిపెట్టారు. మీకు ఏ సందేహమూ అక్కర్లేదు. నేనూ తిన్నాను."

"పనయ్యాక పుచ్చుకుంటాను."

రాజుని వీధి అరుగు మీదికి పిలిచాడు. రైటరు కలం తీశాడు.

"పెట్టె ఎక్కడ ఉంచారు?"

"దేవుడి గదిలో. స్వామి పాదాల దగ్గర."

"ఆశీర్వాదాన్ని ఎక్కడ చూశారు?"

"ఆ గదిలోంచే వస్తున్నాడు. గడప దాటుతుంటే నా కళ్లతో చూశాను."

"ఎన్నింటికి?"

"నాలుగున్నరకి. బ్యాండు కాసేపు ఆపారు చూడండి, అప్పుడు."

"అప్పుడే పట్టుకోలేదేం?"

రాజు తడుముకున్నాడు. "దొరగారి ముందు గొడవెందుకని ఊరుకున్నానండి. నీళ్ల కోసం వచ్చుంటాడనుకున్నాను."

"దేవుడి గదిలోకా?"

రాజు మొల దగ్గర పంచె ముడి సర్దుకున్నాడు. రైటరు అది కూడా రాశాడు.

పంతులు చెట్టు దగ్గరికి నడిచాడు.

"నాలుగున్నరకి ఎక్కడున్నావ్?"

"పెరటి బయట నీళ్లడిగానండి. పనిమనిషి పైనుంచి దోసిట్లో పోసింది. తాగేసి కాలవ గట్టుకొచ్చేశానండి. మావాళ్లంతా అక్కడే ఉన్నారండి."

డోలు వాయించే జీవరాజు ముందుకొచ్చాడు. "నిజమేనండి బాబూ. ఇంట్లోకి అడుగెట్టలేదండి. మేం ఏడుగురం చూశామండి."

"సరే," అన్నాడు పంతులు. రైటరు కలం ఎత్తలేదు. పంతులూ ఎత్తమనలేదు.

కేసు నిలబడితే ఆశీర్వాదానికి జైలు ఖాయం. రాజు మాట ఒకవైపు, పేటవాళ్ల మాట ఒకవైపు. ఏ మెజిస్ట్రేటైనా ఎటు మొగ్గుతాడో ఆశీర్వాదానికీ తెలుసు.

పంతులు ఇంటి వెనక్కి వెళ్లాడు. ఆచార్లు తడిబట్టతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనకాలే దేవుడి గది. నేల పొడిగా ఉంది. గడప మీద పొద్దుటి పసుపూ ముగ్గూ చెక్కుచెదరలేదు.

"ఆరగింపు ఎప్పుడయింది స్వామీ?"

"అయిదున్నరకండీ."

"దానికి ముందు గది కడిగారా?"

"పొద్దున్నే కడిగాను. మళ్లీ ఎందుకు కడుగుతామండీ?"

"రాజుగారు మీతో ఏమీ చెప్పలేదా?"

"నైవేద్యం తొందరగా కానివ్వమన్నారు. దొరగారు వెళ్లిపోతారట."

పంతులు నవ్వాడు. చూడముచ్చటైన నవ్వు కాదు. ఆచార్లుని వెంటబెట్టుకుని పందిట్లోకి వచ్చాడు.

"అందరూ ఒక్క మాట వినాలి. రాజుగారి వాఙ్మూలం చదివిస్తాను."

రైటరు చదివాడు. దేవుడి గది. స్వామి పాదాలు. ఆశీర్వాదం. గడప. నాలుగున్నర.

రాజు మేనత్త కొడుకు వేణుగోపాలరాజు పొంగలి నోట్లో పెట్టుకోబోతున్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దేవుడి గదిలోకా బావా? ఇంట్లోంచి అన్నావు గానీ..."

"సంప్రోక్షణ లేకుండా నాచేత నైవేద్యం పెట్టించారా?" ఆచార్లు కింద కూలబడ్డాడు. "నా మడి ఏమైనట్టు? నా బతుకేమైనట్టు?"

పందిరంతా గోలగోలయింది. ఒకరిద్దరు వకీళ్లు తిన్నది కక్కడానికి గొంతులో వేలు పెట్టుకుని కాలవ వైపు పరిగెత్తారు. చెట్టుకి మనిషిని కట్టేసి కొట్టినప్పుడు ఈ గోలలో పదో వంతు లేదు. దొర బిత్తరపోయి బంట్రోతుని అడిగాడు, ఆహారంలో విషం కలిసిందా అని.

పంతులు చెయ్యెత్తాడు.

"తొందరపడకండి. మీ మడికేం కాలేదు. అచ్యుతరామరాజుగారు ఆచారంలో ఎంత గట్టివారో నాకంటే మీకే బాగా తెలుసు. పేటవాడు పెరట్లోకి తొంగిచూస్తేనే వాకిలి కడిగించే మనిషి. అలాంటివారు నాలుగున్నరకి ఆశీర్వాదం ఆ గడప దాటడం చూసి, అయిదున్నరకి అదే గదిలో ఆరగింపు చేయిస్తారా? ఆ పొంగలి తాము తిని, మీకూ పెడతారా? దొంగని కట్టించడం గుర్తొచ్చింది. గది కడిగించడం గుర్తు రాలేదు. ఎందుకని? ఆ గదిలోకి ఎవరూ రాలేదని ఆయనకి తెలుసు కనక."

రాజు మొహం నల్లబడింది.

"మీరే తేల్చండి రాజుగారూ. వాడు లోపలికి వెళ్లాడంటారా, ఇంతమందికీ మైలకూడు పెట్టినట్టు. వెలి తప్పదు. వెళ్లలేదంటారా, కంటె ఎక్కడుందో మీరే చెప్పాలి."

బావమరుదులూ చుట్టాలూ చుట్టూ మూగారు. వాళ్ల కళ్లలో జాలి లేదు.

"సరిగ్గా ఆనలేదేమో," అని గొణిగాడు రాజు. "కంటి చూపు ఈమధ్య..."

"మీ మొల తడమమని జవానుకి చెప్పనా?"

రాజు పంచె ముడి విప్పి కంటె బయటికి తీశాడు. దానం పేరూ కావాలి, బంగారమూ మిగలాలి. అందుకు చవగ్గా దొరికింది ఒక బ్యాండువాడు.

"భద్రంగా ఉంటుందని నేనే తీసి దాచాను. ఈ హడావిడిలో మర్చిపోయాను," అన్నాడు.

అందరూ నమ్మినట్టు తలాడించారు. మడి దక్కింది, ఇంకేం కావాలి. దొర కంటె అందుకుని రాజు ఔదార్యాన్ని మెచ్చుకున్నాడు. చప్పట్లు మోగాయి. ఆచార్లు కూడా కొట్టాడు.

జవాను చెట్టు దగ్గర తాడు విప్పాడు. పంతులు నాలుగడుగుల ఎడంలో నిలబడ్డాడు. తన తెలివి తనకే ముచ్చటగా ఉంది.

"నీ అదృష్టం బాగుంది ఆశీర్వాదం. ఇంకో ఇనస్పెక్టరైతే నిన్ను ఈపాటికి రాజమండ్రి జైలు దారి పట్టించేవాడు."

"నిజమేనండి." పెదవి వాచి మాట నెమ్మదిగా వస్తోంది. "మావాళ్లు ఏడుగురు చెప్పిందీ రాసుకున్నారాండి?"

"దాంతో అవసరం పడలేదు."

"అవునండి. మా ఏడుగురి మాటా చాలలేదండి. నా కాలు పడితే ఆ గది మైలపడిపోద్ది కదండి, అది చాలింది. నేను మంచోణ్ణని కాదండి, మైలోణ్ణని ఒదిలేశారండి."

కోపంగా అనలేదు. సాయంత్రమంతా రాజుని అసహ్యించుకుంటూ హాయిగా గడిపిన పంతులుకి సిగ్గేసింది. తనకీ అతనికీ మధ్య తను వదిలిన నాలుగడుగుల ఎడం అప్పుడు కనపడింది.

బంట్రోతు పరిగెత్తుకొచ్చాడు. "బ్యాండు ఏదండీ? దొరగారు లేస్తున్నారు. సభ ముగింపుకి రాణీగారి పాట వాయించాలంట."

ఆశీర్వాదం క్లారినెట్‌ని ముక్కలుగా విప్పి, ఒక్కొక్కటీ తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. కాలవలో కట్టి ఉన్న పడవ వైపు నడిచాడు. జీవరాజు డోలు భుజానికెత్తుకున్నాడు. మిగతావాళ్లు వాళ్ల వెనకాలే కదిలారు.

"ఆపండి పంతులుగారూ," అన్నాడు బంట్రోతు. "మీరు చెబితే వింటారు."

"వాళ్లు వాయించరని చెప్పు, వెళ్లు," అన్నాడు పంతులు.

దొర టోపీ తీసి నిలబడ్డాడు. పందిట్లో అందరూ లేచి నిలబడ్డారు. పాట కోసం చాలాసేపు అలాగే చూశారు.