అడాప్టర్ ఎవరు చేశారు?

"నైన్ వోల్ట్ ఎలిమినేటర్ ఉందా?"

"ఉంది. కాస్త హమ్ వస్తుంది."

కోడ్ సరిపోయింది. చీఫ్ యజ్ఞనారాయణ ఉక్కు ప్లాంట్ పక్కనున్న సుపేలాలోని ఆ రేడియో రిపేర్ షాపులోకి వచ్చి షట్టర్ సగం దించాడు. షాపు నడిపే ఉదయ్‌కుమార్ ఊరికి మెకానిక్, ఆదివారాలు మైక్రోకంట్రోలర్ హాబీ క్లాసు చెప్పే మాస్టారు. గూఢచారి శాఖ ఫైల్లో మాత్రం ఏజెంట్ ట్వెల్వ్.

చీఫ్ బల్ల మీద ఫోటో పెట్టాడు. "కుముదిని. మన శాఖ జీతం తింటూ విదేశీ ముఠాకి పనిచేస్తోంది. ప్లాంట్‌లో కరిగిన ఉక్కు ఎత్తే క్రేన్ ఉంది చూశావూ, దాని బ్రేక్ చిప్ మార్చేసింది. నాలుగింటికి ఉక్కు నిండిన లాడిల్ కుండ లేవగానే బ్రేక్ వదిలేస్తుంది. కింద అరవై మంది."

"క్రేన్ ఆపించొచ్చుగా సార్?"

"ఆపితే గేటు దగ్గర కాపేసిన ముఠా నాయకుడు ఉడాయిస్తాడు. ఇదిగో అసలు చిప్. క్రేన్ సర్క్యూట్ కార్డులో ఇలాంటివి ఎనిమిదున్నాయి, ఏ సాకెట్‌లోదో తెలీదు." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆవిడకి ఇదంతా నేర్పిన దుర్మార్గుడెవడో!"

ఉదయ్‌కుమార్ ఫోటో బోర్లించి పెట్టాడు. ఆ దుర్మార్గుడు తనే.

మూడు నెలల క్రితం ఆమె క్లాసుకొచ్చి, చిప్‌లో ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఏ ప్రోగ్రామర్ కొనమంటారు మాస్టారూ అని అడిగింది. ఎవర్నైనా అనుమానించే ఏజెంటు ఆ ఒక్క ప్రశ్నతో ఒళ్ళు మరిచిపోయాడు. ప్రింటర్ పోర్టుకి తగిలించే చవకది ఒక్క రకం చిప్‌కే పనికొస్తుందన్నాడు. యూనివర్సల్‌ది కొనమన్నాడు, మీట నొక్కితే చిప్ కాళ్ళు వంగకుండా వదిలే సాకెట్ ఉండాలన్నాడు. చతురస్రం చిప్‌కి అడాప్టర్ రాయపూర్‌లో దొరకదంటే, మూడు సాయంత్రాలు కూర్చుని తనే సోల్డర్ చేసిచ్చాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. అరవై మంది ప్రాణాలు గుండె మీద పెట్టుకుని స్కూటర్ తీశాడు.

ఇన్‌స్పెక్టర్ టోపీ, దొంగ గేట్‌పాస్, అతికించిన మీసం. మూడూ యాభై నాలుగుకి క్రేన్ ప్యానెల్ దగ్గరున్నాడు.

ఆపరేటర్ అప్పలసూరి అడ్డొచ్చాడు. "ఏటి బాబూ, ఈ టయిమ్‌లో చెకింగేటి? లిఫ్ట్ ఉంది కదా."

"రెండు నిమిషాలు సూరన్నా. కరెంటు తియ్యి."

"తీసినాను. బేగి కానీ. నా తమ్ముడు కిందే ఉన్నాడు, టీ కూడా తాగనేదు."

ఉదయ్‌కుమార్ ప్యానెల్ మూత తీశాడు. ఎనిమిది చిప్‌లూ ఒకేలా ఉన్నాయి. ఏడింటి నడిమి గాజు కిటికీ మీదా వెండి స్టిక్కర్ ఉంది. ఒక్కదాని మీద మాత్రం మెరూన్ రంగు బొట్టు బిళ్ళ.

క్లాసులో తను చెప్పిన మాటే: కిటికీ మూయకపోతే ఎండకి ప్రోగ్రామ్ చెరిగిపోతుంది, స్టిక్కర్ లేకపోతే అమ్మాయిలు బొట్టు బిళ్ళైనా అంటించండి.

పీకాడు. అసలు చిప్ నొక్కాడు. కరెంటొచ్చింది, సైరన్ మోగింది, లాడిల్ లేచింది. ఆగాల్సిన చోట ఆగింది.

గేటు దగ్గర చీఫ్ మనుషులు నాయకుడితో పాటు కుముదినినీ జీపెక్కించారు. ఆమె పట్టుచీర నలగలేదు. ఉదయ్‌కుమార్‌ని చూసి నవ్వింది. "మీరు చెప్పిందేదీ మర్చిపోలేదు మాస్టారూ."

ఆ మాట ముల్లులా దిగింది. చీఫ్ భుజం తడుతుంటే అతనికి సిగ్గేసింది. "నేర్పింది నేనే సార్. అడాప్టర్ కూడా నేనే చేశాను. ఏ శిక్షైనా వెయ్యండి."

చీఫ్ భుజం మీంచి చెయ్యి తీసేశాడు. "రేపు రాతపూర్వకంగా ఇయ్యి." రెండడుగులు వేసి ఆగాడు. "మా అమ్మాయి ప్రసూన కూడా ఏదో హాబీ ప్రాజెక్టంటోందయ్యా. ఏ ప్రోగ్రామర్ కొనమంటావు?"

"నాకు తెలీదు సార్," అన్నాడు ఉదయ్‌కుమార్, జీవితంలో మొదటిసారి.