పూత నిలిచిన చేను

షాహీన్ ఏడో వరుసలోని వంగపువ్వును బొటనవేలితో పైకెత్తి చూసింది. నడిమి కాడ, కీలం, కేసరాలను దాటి పొడుచుకొచ్చి ఉంది. కాయ కట్టే పువ్వు. పక్క మొక్కా అంతే. మణికట్టుకున్న తేమ కొలిచే దప్పికమాని మాత్రం ఇక్కడి మట్టిలో తడి, కొండకింది చేలన్నిటితో సమానమనే చూపిస్తోంది. ఈ కరువుకు ఆ చేలలో కీలాలు పొట్టిబారి పూతంతా రాలిపోయింది. ఆమెకు ఒళ్లు మండింది. దొంగ నీళ్లు పారించి పరికరాన్ని ఏమార్చేవాళ్లు ఆమెకు కొత్త కాదు.

చేను గలాయన కుళ్లాయప్ప గట్టు మీద కూర్చుని ఆమె చేతినే చూస్తున్నాడు.

"బోరు ఎక్కడ దాచినావన్నా?"

"బోరా? చుక్క తేడా వస్తే జలన్యాయి నన్ను బతకనిస్తాదా మేడం?"

లోయలో ఏ చేనుకు ఎన్ని నీళ్లో జలన్యాయి అనే యంత్రం తేలుస్తుంది. షాహీన్ లాంటి పూతగణకులు చేలు తిరిగి పూత చూసి పంపే లెక్కలే దానికి చదువు. ఆమె గొట్టాలు తట్టి చూసింది, మట్టి గుచ్చి చూసింది. ఒక మొక్క మొదలు దగ్గర వాడిపోయిన మొగ్గలు గుప్పెడు బయటపడ్డాయి.

కుళ్లాయప్ప గబుక్కున లేచి వచ్చి ఆమె మణికట్టు మీద తువ్వాలు కప్పాడు. "అది వింటాది. తొలి మొగ్గలన్నీ నేనే గిల్లేసినా. మొక్క అలిసిపోకుండా మలిపూతకు బలం దాచుకుంటాది."

"మంచిదే కదా. దాచడమెందుకు?"

"పైచేలోళ్లు చెనక్కాయ సగం నీళ్లతో పండించినామని మురిసిపోయి చెప్పుకున్నారు. మరుసటేడు జలన్యాయి లోయకంతా అదే సగం వాటా చేసింది. ఇది గూడా తెలిస్తే ఇంకా కోస్తాది. అప్పుడు గిల్లినా మొక్కే బతకదు."

ఆ చెనక్కాయ కబురు జలన్యాయికి మోసింది షాహీనే. మెచ్చుకోలు కూడా అందుకుంది. ఇప్పుడు సిగ్గేసింది. అయినా ఈయన తననూ ఆడిస్తున్నాడేమోనన్న అనుమానం పోలేదు.

తువ్వాలు కింది దప్పికమానిలోంచి జలన్యాయి పలికింది. "పూత నిలిచిన కారణం చెప్పండి."

"దొంగ నీళ్లని చెప్పు మేడం," అన్నాడు కుళ్లాయప్ప గొంతు తగ్గించి. "నా చేను ఒక్కటే ఎండుతాది. మిగతావి బతుకుతాయి."

ఆమె అనుమానం అక్కడితో తీరిపోయింది. తువ్వాలు తీసేసింది.

"నీటి దొంగతనం," అంది.

"దొంగ పేరు?"

కుళ్లాయప్ప తల వంచుకున్నాడు.

"షాహీన్, పూతగణకురాలు. నీళ్లు మళ్లించిందీ, ఇన్నేళ్లూ తప్పుడు లెక్కలు పంపిందీ నేనే," అంది ఆమె.

జలన్యాయి ఆ మాటనూ నమ్మింది. గణకులను అనుమానించడం దానికి ఎవరూ నేర్పలేదు.

"ఈ గణకురాలి నివేదికలన్నీ రద్దు. వాటిని బట్టి తగ్గించిన వాటాలూ రద్దు."

కింద చేలలో వాల్వులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. షాహీన్ దప్పికమానిని విప్పి తువ్వాలులో గట్టిగా చుట్టింది.

"నీ కొలువు పాయె గదమ్మా," అన్నాడు కుళ్లాయప్ప. "రేపు ఇంకొకర్ని పంపిస్తాది."

"పంపనీ అన్నా. వాళ్లను నమ్మాలో వద్దో దానికిక తెలీదు."